మూడోసారి మోసుకెళ్లిన కల్లు

నా నోరు మంచిది కాదని ఎర్రబోరులో చిన్నాపెద్దా అందరూ అంటారు. అననివ్వండి. ఆ నోరే లేకపోతే మా లక్మా పెళ్లిమాట ఈపాటికి అటకెక్కి ఉండేది.

లక్మా నా తమ్ముడి కొడుకు. మా ఊరి మీదుగా పోయే హైవే పక్కన టైర్లకు పంచర్లు వేసే కొట్టు పెట్టుకున్నాడు. పొద్దునా సాయంత్రం మాత్రం ఎవరు పిలిచినా పలకడు. ఇంటి వెనక జీలుగు చెట్టెక్కి కల్లు దించుకుంటూ ఉంటాడు. మిరప కోతల కాలంలో మా వైపు వాళ్లంతా తెలంగాణకు కూలికి పోతారు కదా, అక్కడే ఒకే ఆసామి చేలో ఆవపల్లి నుంచి వచ్చిన ఆయతి అనే పిల్ల వీడి కంట పడింది. వీడూ ఆ పిల్ల కంట పడ్డాడు. రెండు కోతలు గడిచేసరికి వాళ్లిద్దరి సంగతి చేను చేనంతా తెలిసిపోయింది. ఇక మిగిలింది పెద్దవాళ్లు పోయి అడగడమే.

మా దొర్ల తెగలో పిల్లను అడగాలంటే కల్లు మోసుకుని పోవాలి. పిల్ల తండ్రి ముందు కల్లు పెట్టి, పిల్లనిస్తావా అని నోరు తెరిచి అడిగి, ఆకు దొప్పలో పోసి చేతికివ్వాలి. ఆయన తాగితే ఒప్పుకున్నట్టు. తాగకపోతే ఆ కల్లును మళ్లీ మన ఊరికే మోసుకురావాలి. మా తమ్ముడు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని రెండుసార్లు పోయాడు. రెండుసార్లూ నిండు కుండతో తిరిగొచ్చాడు. ఆయతి తండ్రి పేరు సుక్రాం. ఆయన మూత కూడా తీయనివ్వలేదట. "రోడ్డు ఊరోళ్లకు నా పిల్లనియ్య" అన్నాడట. ఎందుకివ్వవయ్యా అంటే రోడ్డు ఊరు కాబట్టి ఇవ్వను అన్నాడట.

మూడోసారి కూడా కల్లు తిరిగొస్తే ఆ ఇంటి గడప ఇక తొక్కకూడదు. అది మా వాళ్ల కట్టుబాటు. అందుకే మూడోసారి అనేసరికి పెద్దమనుషులకు ఒకరికి నడుం నొప్పి, ఒకరికి కన్ను మంట, ఒకరికి వరి విత్తనాల పని. మా తమ్ముడైతే, "అక్కా, నాకు మొహం చెల్లదే" అని మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు.

"నువ్వు పడుకో. నేను పోతా," అన్నాను.

ఆడది ఒక్కతే పోయి అడగడం మా ఊళ్లో ఎవరూ చూడలేదు. చూడనిది చూస్తే కళ్లు పోతాయా? వస్తున్నామని ఆవపల్లికి ముందుగా కబురు పంపించాను. కుంట ఊరి నుంచి సతీష్‌ను పిలిపించాను. వాడికి సొంత బొలెరో ఉంది, లక్మాకు స్నేహితుడు, నన్ను అత్తా అంటాడు.

బయలుదేరే రోజు తెల్లవారుతూ ఉండగానే లక్మా చెట్టెక్కి కల్లు దించాడు. కల్లు నా ముందు పెట్టి, బండి నాలుగు టైర్లలో గాలి చూసి, అద్దం తుడిచి, తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడుస్తూ నిలబడ్డాడు.

"అత్తా, ఆడ జర నెమ్మదిగ మాట్లాడు."

"నేనెప్పుడు గట్టిగ మాట్లాడిన్రా?" అన్నాను. పక్కింటి కోళ్లు బెదిరి దడి దాటాయి.

వాడు నవ్వలేదు. "ఆ పిల్ల కాకపోతే నాకింకెవరిని సూడొద్దు," అని మెల్లగా అని కొట్టులోకి పోయాడు. తల్లి లేని పిల్లవాడు, నా చేతిలో పెరిగాడు.

ఇక సతీష్‌తో గొడవ. నేను కల్లు సొరబుర్రలో పోసి, మూతికి ఆకులు కుక్కి పెట్టాను. అలా పెడితే కల్లుకు గాలి ఆడుతుంది. సతీష్ చూసి గోల పెట్టాడు.

"అత్తా, ఈ బుర్ర గతుకులకు దొర్లిందంటే నా సీట్లు ఖరాబైతయ్. వారం దాక కంపు పోదు. ప్లాస్టిక్ డబ్బాల పోద్దాం."

"డబ్బాల పోస్తే పొంగుతదిరా. కల్లంటే కిరసనాయిలనుకున్నవా?"

"నేను మూత గట్టిగ బిగిస్త గద, చుక్క కారదు."

బండి వాడిది. సరే, చావు అన్నాను. వాడు పెద్ద డబ్బాలో కల్లు పోసి, మూతకు ప్లాస్టిక్ కవరు చుట్టి, పళ్లు బిగపట్టి బిగించి, పైన టేపు కూడా వేశాడు.

సుక్మా దాటాం, దంతెవాడ దాటాం. ఎండాకాలం ఎండ. ఇనుప రాయి లారీలు ముందూ వెనకా ఎర్రదుమ్ము లేపుకుంటూ వస్తున్నాయి. గీదం దగ్గరికి వచ్చేసరికి సతీష్ ఆవలిస్తూ, "అత్తా, పెద్ద దాబా కాడ ఆగుదాం. టీ తాగకపోతే నాతోని గాదు," అన్నాడు.

ఆ దాబాను ఏమని చెప్పను? మా ఎర్రబోరు మొత్తం ఎత్తి అందులో పెడితే ఒక మూలకు సరిపోతుంది. లారీలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే ఓపిక నాకు లేదు. వైజాగ్ బండ్లు, రాయ్‌పూర్ బండ్లు, ఎక్కడో పంజాబ్ నుంచి వచ్చిన బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఒకవైపు పెట్రోలు బంకు, ఒకవైపు టైర్ల కొట్లు, మంగలి కొట్టు, స్నానాల గదులు. బట్టలు ఉతికే మిషన్లు కూడా పెట్టారు. ఇంత లావు డ్రైవరొకడు లుంగీ కట్టుకుని ఆ మిషను ముందు కూర్చుని, తన చొక్కా తిరుగుతుంటే టీవీ చూసినట్టు చూస్తున్నాడు. రేకుల షెడ్డు కింద నులక మంచాలు. మైకులో ఒకడు హిందీలో, ఫలానా బండి తియ్యి, ఫలానా బస్సు పోతోంది అని ఒకటే అరుపు. ఆ దారిన పోయే బస్సులన్నీ కూడా తిండికి అక్కడే ఆగుతాయి. నా నోటికి సరైన జోడీ ఆ మైకే అనిపించింది.

నేను స్నానాల గది వైపు పోయి మొహం కడుక్కున్నాను. అద్దం చూసుకుని కొప్పు సరిచేసుకున్నాను. పిల్లను అడగడానికి పోతున్నదాన్ని, దుమ్ము మొహంతో పోతానా? తిరిగి వచ్చి చూస్తే మా బొలెరో చుట్టూ జనం. సతీష్ టీ గ్లాసుతోనే నాకు ఎదురొచ్చాడు.

"అత్తా... డబ్బా."

వెనక తలుపు తెరిచి ఉంది. నలుచదరంగా ఉండాల్సిన డబ్బా ఈనబోయే మేకలాగా గుండ్రంగా ఉబ్బిపోయి ఉంది. కిర్రు కిర్రుమంటోంది కూడా. ఖాకీ బట్టల కాపలావాడు దూరం నుంచే ఈల వేస్తూ, "అమ్మా, యే క్యా హై? ఫటేగా క్యా?" అంటున్నాడు. పేలుతుందా అని వాడి భయం. పంజాబు డ్రైవరొకడు రెండడుగులు వెనక్కి వేశాడు. వాణ్ణి చూసి మిగతావాళ్లు నాలుగు వేశారు.

"గట్టిగ బిగించినవ్ గదరా, సంతోషమైందా?" అని సతీష్ మీద విరుచుకుపడ్డాను. "లక్మాగాని బతుకును డబ్బాల పెట్టి టేపేసినవ్. పగిలిందంటే ఆవపల్లికి ఏం మోసుకపోవాలె? నీ తలకాయా?"

వాడు నా తిట్లకు భయపడి మూత మీద చెయ్యి వేశాడు. అప్పుడు లారీల సందులోంచి ఒక కేక వినిపించింది.

"ఆగు! ఒక్కసారి తిప్పకు! మొత్తం పోతది!"

ఒక పెద్దాయన పరుగున వచ్చాడు. సన్నటి మనిషి, మోకాళ్ల పైకి కట్టిన పంచె, భుజాన తువ్వాలు. మాట వినగానే మావాడే, దొర్లవాడే అని తెలిసిపోయింది. సతీష్‌ను మోచేత్తో పక్కకు తోసి, తువ్వాలు తీసి మూత మీద కప్పాడు. టేపు ఒలిచి, మూతను వెంట్రుకవాసి తిప్పి ఆపాడు. బుస్సుమంది. ఇంకాస్త తిప్పాడు, మళ్లీ ఆపాడు. పసిపిల్లను జోకొట్టినట్టు డబ్బా మీద చెయ్యి వేసి, "ఆగవే, ఆగవే, వస్తవు గాని," అంటూ ఒక్కొక్క బుస్సూ పోనిచ్చాడు. ఏమవుతోందోనని సతీష్ తల ముందుకు పెట్టాడు. సరిగ్గా అప్పుడే నురగ ఎగిరి వాడి మొహాన కొట్టింది. చూస్తున్న డ్రైవర్లంతా ఒక్కసారి ఘొల్లుమన్నారు. నేనూ నవ్వాను, దాచుకోవడమెందుకు.

కాసిని కల్లు పోయినా డబ్బా నిలిచింది. నాకు ప్రాణం లేచొచ్చింది. మేలు చేసిన మనిషికి కల్లు చేతిలో పెట్టుకుని ఉత్త దండం పెడతామా? సంచిలోంచి మోదుగాకు దొప్ప తీసి నిండా పోసి ఇచ్చాను. మామూలుగా అయితే దొప్ప చేతికిచ్చే ముందు ఏ ఊరు, ఎవరింటివాళ్లు అని అడగాలి. అదీ మా కట్టుబాటే. ఆ సంబరంలో అడగడం మరిచిపోయాను.

ఆయన నులక మంచం మీద కూర్చుని, పోయిన పెద్దలకు రెండు చుక్కలు నేల మీద వదిలి, కళ్లు మూసుకుని దొప్ప ఎత్తాడు. దించేసరికి మొహం మారిపోయింది.

"ఎవరు గీసిన్రు చెల్లె ఈ చెట్టు?"

"మా మేనల్లుడన్నా."

"చెయ్యి మంచిది. కుండ కడిగి, పొగబెట్టి కట్టిండు. గెలను కూడ తొందరపడి కోయలే, నిదానంగ కోసిండు. ఈ కాలం పిల్లలకు ఎవరికున్నది ఆ ఓపిక?" దొప్పను వాసన చూశాడు. "మా జీలుగు పోయినేడు తెగులొచ్చి ఎండిపోయింది. అప్పట్నుంచి నాలుక చచ్చిపోయింది అనుకో."

లక్మాను పొగిడితే నేను మనిషిని కాను. ఇంకో దొప్ప పోశాను. సతీష్ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఎటు పోతున్నవన్నా?" అన్నాను.

"జగదల్‌పూర్. అగో, ఆ బస్సే. సీట్ల సంచి పెట్టొచ్చిన." ఆయన నవ్వాడు. "పనేం లేదు చెల్లె. ఇయ్యాల ఇంట్ల ఉండొద్దని పోతున్న."

"అదేంది?"

"పిల్లనడిగేటోళ్లు వస్తున్నమని కబురు పెట్టిన్రు. రెండుసార్లు తిప్పి పంపిన, బుద్ధి రాలే. ఇది మూడోసారి. ఇంటి పెద్ద ఇంట్ల లేకపోతే కల్లు ఎవరి ముందర పెడ్తరు? గోడ ముందర పెడ్తరా? సప్పుడు చెయ్యకుంట మోసుకపోవాలె. పీడ పోతది. మా ఆయతికి కూడ చెప్పకుంట తెల్లారంగనే బస్సెక్కిన."

నా చేతిలో డబ్బా జారబోయింది. సతీష్ పట్టుకున్నాడు.

ఆవపల్లి సుక్రాం! మేము ఎవరింటికి పోతున్నామో ఆ ఇంటాయన, మమ్మల్ని తప్పించుకోవడానికి పారిపోయి వచ్చి, మా కల్లే తాగుతూ, నా ముందే కూర్చుని ఉన్నాడు. ఎన్ని బస్సులు, ఎన్ని లారీలు ఆగే చోటు అది! అయినా ఆ దారిన పోయేవాడు అక్కడ ఆగక ఎక్కడ ఆగుతాడు?

పైగా నేను ఆయన్ని అన్నా అని పిలిచాను. నాకు అన్న అయితే లక్మాకు ఆయతి చెల్లెలవుతుంది! నాలుక కొరుక్కున్నాను.

"ఏ ఊరోళ్లు వాళ్లు?" అని అడిగాను, తెలియనట్టు. అన్నా అనలేదు ఈసారి.

"ఎర్రబోరోళ్లు."

సతీష్ నా చీర కొంగు పట్టుకుని బండి వెనక్కి లాక్కుపోయాడు. వాడి కళ్లు వెలిగిపోతున్నాయి.

"అత్తా! తాగిండు! రెండు దొప్పలు తాగిండు! ఈడున్న డ్రైవర్లందరు సాక్ష్యం. ఇంకో రెండు పొయ్యి, బండ్లె ఎక్కించుకుని ఆవపల్లి తీసుకపోదాం. ఊరోళ్లందరి ముందర చెప్దాం, ఎర్రబోరు కల్లు తాగిండని. ఇగ కాదంటడా?"

అబద్ధమెందుకు, నాకూ ఆశ పుట్టింది. తుడిచిన అద్దాన్నే తుడుస్తూ నిలబడ్డ లక్మా కళ్ల ముందు మెదిలాడు. నోరు మూసుకుని ఇంకో దొప్ప పోస్తే చాలు. ఒక్క దొప్పసేపు నోరు మూసుకోలేవా సారలమ్మా అని నా పేరు పెట్టి నేనే తిట్టుకుని వచ్చి మంచం మీద కూర్చున్నాను. దొప్ప నింపాను. సుక్రాం కూడా హాయిగా కాళ్లు మడుచుకుని కూర్చున్నాడు.

"రోడ్డు ఊర్లల్ల ఏముంటది చెల్లె?" అని మొదలుపెట్టాడు. "ఇగో, ఈ దాబా సూడు. అట్లనే ఉంటది. ఎవడొస్తడో ఎవడు పోతడో తెల్వదు. కూర కొనుక్కునుడే, నీళ్లు కొనుక్కునుడే. పిల్లలకు చెట్టు పేరడిగితే చెప్పరు, బండి నంబరు చెప్తరు. నా పిల్ల అడివిల పెరిగింది. ఆ దుమ్ముల పడెయ్యాల్నా?"

నేను పళ్ల కింద పెదవి పెట్టుకున్నాను. సతీష్ నా వైపు చూస్తూ, వద్దు వద్దు అని కళ్లతోనే బతిమాలుతున్నాడు.

"ఆ ఎర్రబోరోళ్లు రెండుసార్లు తెచ్చిన కల్లు సంగతి చెప్పాల్నా? మూతే తీయనియ్యలే నేను. కొనుక్కొచ్చిందే అయితది. రోడ్డు ఊరోడు చెట్టెక్కుతడా? వాళ్లకు కల్లు గీసుడు చేతనైతదా?"

ఇక నా వల్ల కాలేదు.

"మరి నువ్వు తాగుతున్నదేంది?" అని లేచి నిలబడ్డాను. "ఇందాకట్నుంచి కళ్లు మూసుకుని గుటకలేస్తున్నవ్ గద, అదేంది? అది ఎర్రబోరు కల్లే! గీసింది మా లక్మానే! రోడ్డు ఊరోడే చెట్టెక్కిండు, కుండ కడిగిండు, పొగబెట్టిండు! చెయ్యి మంచిదన్నవ్ గద, ఆ చెయ్యికే నీ పిల్లనియ్యనంటున్నవ్!"

మంచాల మీద పడుకున్న డ్రైవర్లు లేచి కూర్చున్నారు. మైకు కూడా ఒక్క క్షణం ఆగింది. సుక్రాం దొప్ప చేతిలోనే ఉంది. ఆయన కళ్లు దొప్ప మీదికి పోయాయి, తర్వాత నేల మీదికి పోయాయి. తాగిన సంగతి ఆయనకూ గుర్తొచ్చింది. మొహం తెల్లబోయింది.

అది చూస్తే నాకు కోపం చల్లారిపోయింది. ఆ భయం చూసి నేను గెలిచాననుకోలేకపోయాను. ఇలాంటి మొహంతో ఒక తండ్రి పిల్లనిస్తే ఆ పిల్ల మా ఇంట్లో ఎలా నవ్వుతుంది?

"భయపడకు," అన్నాను. "నేను అడగకుంట పోసిన. అడగకుంట పోసింది లెక్కల రాదు. నువ్వు దేనికీ ఒప్పుకోలే. డబ్బా కాపాడినవ్, నేను కల్లు పోసిన, అంతే. పిల్లను మోసం చేసి తీసుకపోయేటోళ్లం కాదు మేము. అగో నీ బస్సు, పో. మేము ఎట్లనో తిరిగిపోతం."

సతీష్ రెండు చేతులతో తల కొట్టుకున్నాడు.

మైకులో జగదల్‌పూర్ బస్సు బయలుదేరుతోందని అరిచారు. సుక్రాం దొప్పను మంచం మీద పెట్టి లేచాడు. దొప్పలో కల్లు ఇంకా సగం ఉంది. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బస్సు వైపు నడిచాడు. లారీల మధ్యకు పోయేసరికి ఆ సన్నటి మనిషి ఇక కనిపించలేదు.

"పోయిండు," అన్నాడు సతీష్. "నోట్లకొచ్చిన ముద్దను ఊసేసినవత్తా."

వాడు తిట్టినా పడాల్సిందే. మంచం మీద కూలబడ్డాను. నా నోట్లో నిప్పులు పడ, ఇంకొక్క దొప్పసేపు ఆగలేకపోయాను. లక్మాకు ఏమని చెప్పాలి? మీ మామ దాబాలో దొరికాడురా, కల్లు తాగాడురా, నేనే తిట్టి పంపించాను అని చెప్పాలా? కళ్లలో నీళ్లు తిరిగాయి. పంజాబు డ్రైవరొకడు టీ తెచ్చి నా ముందు పెట్టి పోయాడు. బస్సు హారన్ కొట్టింది. గేటు దాటి రోడ్డెక్కింది. నేను అటు చూడలేదు.

"అత్తా," అన్నాడు సతీష్.

"ఊకో. నీకేం తెల్వదు."

"అత్తా, అటు సూడు."

ఇందాక బస్సు ఆగి ఉన్న చోట, దుమ్ములో, సుక్రాం సంచి చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. రావాలా వద్దా అన్నట్టు కాసేపు అక్కడే ఉండి, తర్వాత మెల్లగా మా వైపు నడిచి వచ్చాడు. వచ్చి, ఇందాకటి మంచం మీదే, ఇందాకటి చోటే కూర్చున్నాడు. సంచి కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు.

"బస్సు పోయింది గద?" అన్నాను. ఇంకేమనాలో తెలియలేదు.

"పోనియ్. సంచి దించుకుంటే కండక్టరు బూతులు తిట్టిండు." ఆయన నన్ను చూడకుండా నేలను చూస్తూ మాట్లాడాడు. "మీ వాళ్లు రెండుసార్లొచ్చి నా ముందర మూగోళ్ల లెక్క కూసున్నరు. కల్లు మా పిల్లగాడు గీసిందే అని ఒక్కరన్న చెప్పిన్రా? నేను ఒక మాటంటే తిరిగి ఒక మాటన్నరా? రోడ్డు ఊరోళ్లు, లోపల ఏముందో ఎవరికి ఎరుక అనుకున్న."

"మా తమ్ముడికి మాటలు రావు. నోరంతా నాకే వచ్చింది."

"అది సూసిన." ఆయన మీసం కదిలింది. "నన్ను బండ్లె వేసుకుని మా ఊర్ల నలుగురిల నిలబెడ్తే తల ఎత్తకపోదును. నీకు ఆ సంగతి తెలుసు. ఆ పిల్లగాడు కూడ నీకు చెప్పే ఉంటడు," అని సతీష్ వైపు చూశాడు. సతీష్ టీ గ్లాసులోకి చూశాడు. "అయినా చెయ్యలే నువ్వు. తిట్టినవ్ గాని మోసం చెయ్యలే. నా పిల్ల మీ ఇంటికొస్తే దాన్ని గూడ తిడ్తవా?"

"తిడ్త," అన్నాను. "దాని వైపు నిలబడి మా లక్మాగాణ్ణి గూడ తిడ్త."

సుక్రాం మిగిలిన కల్లు పారబోసి ఆ దొప్పను పక్కన పడేశాడు. నా సంచిలోంచి తనే కొత్త దొప్ప తీసి, రెండు చేతులతో నా ముందుకు చాచాడు.

"ఇప్పుడు సరిగ్గ అడుగు, వదినా."

చెల్లె అనలేదు. వదినా అన్నాడు. మా తమ్ముడు ఆయనకు బావ అయితేనే నేను వదిననవుతాను. ఎర్రబోరులో, సంతలో, పోలీసు ఠాణాలో కూడా ఎప్పుడూ మూతపడని నా నోరు అప్పుడు పడిపోయింది. సతీష్ మోచేత్తో పొడిచాడు. తల మీద కొంగు కప్పుకుని, డబ్బా ఎత్తి, ఎలాగో అడిగాను.

"మీ ఇంట్ల ఒక సొరతీగ ఉన్నదట. మా ఇంటి ముందర పందిరి ఖాళీగున్నది. తీగను మా దిక్కు పాకనిస్తవా?"

"నీళ్లు పోస్తరా?"

"పోస్తం."

"పశువులు తొక్కకుంట సూస్తరా?"

"నేనున్న గద."

పోశాను. పెద్దలకు రెండు చుక్కలు వదిలి, కళ్లు మూసుకోకుండా నన్నే చూస్తూ దొప్ప మొత్తం తాగాడు. చుట్టూ ఉన్న డ్రైవర్లకు మా మాట అర్థం కాకపోయినా ఏదో మంచి జరిగిందని మాత్రం తెలిసింది. ఇందాక భయపడ్డ కాపలావాడు ఈల నోట్లో పెట్టుకుని చప్పట్లు కొట్టాడు.

"లెవ్వున్రి ఇగ," అన్నాడు సుక్రాం. "నేనొక్కణ్ణి తాగితే గాదు, మా అన్నదమ్ములు గూడ తాగాలె. డబ్బాల ఉన్నది సాలదేమో. మూత మాత్రం ఆ పిల్లగాని చేతికియ్యకు."

బండిలో ముందు సీటు ఆయనకిచ్చి నేను వెనక డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గేటు దగ్గర లారీ అడ్డముండి ఆగితే ఆయన సతీష్ ఫోను అడిగి, నంబరు నోటితో చెప్పి కొట్టించి, స్పీకరు పెట్టించుకున్నాడు. అవతల ఎత్తింది ఆయతే. ఆ గొంతు నేను వినడం అదే మొదటిసారి.

"అయ్యా! యాడున్నవ్? చెప్పకుంట యాడికి పోయినవ్? వాళ్లు వస్తరు ఇయ్యాల, నువ్వు లేకపోతే నేనేం చెప్పాలె?" ఒక్క ఊపిరిలో అడిగేసింది. ఏడుపు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది.

"గీదం కాడ పెద్ద దాబాల ఉన్న."

"ఆడేం చేస్తున్నవ్?"

సుక్రాం తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"కల్లు తాగిననే," అన్నాడు. "ఎర్రబోరోళ్లది."

అవతల ఆ పిల్ల ఒక్కసారిగా భోరుమంది. "ఏడ్వకే, బియ్యం ఎక్కువ పొయ్యి, మేమంత వస్తున్నం!" అని ఆయన ఫోనులోకి గట్టిగా అరిచాడు. అరుస్తూనే ఆయనా ఏడ్చాడు. నేను వెనక డబ్బాను గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. సతీష్ ఆవపల్లి వైపు బండి తిప్పాడు.